ఖానుమ్‌గారి బల్ల మీద మా పచ్చడి

శుక్రవారం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకి నేను వెల్లుల్లి ఒలవడానికి కూర్చున్నాను. టైము ఇంత కచ్చితంగా ఎందుకు గుర్తుందంటే, అప్పుడే మా మేనేజరుకి టెస్టింగ్ అయిపోయిందని మెసేజ్ పెట్టి (అవలేదు) లాప్‌టాప్ మూసేశాను. మార్చి నెల. బయట ఎండ ఉంది కానీ వేడి లేదు. మర్నాడు ఉగాది.

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై అయిదేళ్ల వయసు, హెచ్-వన్ మీద మొదటి ఉద్యోగం, వర్జీనియాలో షాంటిలీ అనే ఊళ్లో ఒక ఇంటి బేస్‌మెంటులో అద్దెకి గది. చిన్నప్పటినుంచీ పుస్తకాలు బాగా చదివేదాన్ని. చదవడంతో ఆగితే ఎవరికీ నష్టం లేదు. చదివినదాన్ని పక్కవాళ్లకి వివరించి చెప్పడం నా బాధ్యత అనుకునేదాన్ని. ఎవరైనా ఏదైనా పండగ పేరెత్తితే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలు, అది ఇంకే పండగకి చుట్టమో, అన్నీ చెప్పేసేదాన్ని. ఆ సాయంత్రం జరిగినదానికి నా అజ్ఞానమే కారణమని తర్వాత చాలామంది అనుకున్నారు. కాదు, నా చదువు కారణం.

ఆ గదిలో నాతో పాటు ఉండే అమ్మాయిది వరంగల్. ఎం.ఎస్. చదివేది. ఆమెని ఇక్కడ చిచ్చుబుడ్డి అంటాను, ఎందుకంటే అప్పుడూ అలాగే పిలిచేదాన్ని. అంటించేదాకా నిమ్మళంగా కూర్చుంటుంది, అంటించాక ఆపడం ఎవరి తరమూ కాదు. నన్ను 'అక్కా' అనేది. ఆ మాటలో గౌరవం ఎంతో, 'నీకు బుర్ర లేదు' అనేది ఎంతో నేను ఎప్పుడూ తేల్చుకోలేకపోయాను.

ఇంటావిడది ఇరాన్. అరవై దాటిన మనిషి, నలభై ఏళ్లుగా అమెరికాలో ఉన్నారు. ఆవిణ్ణి మేం ఖానుమ్‌గారు అనేవాళ్లం. (ఖానుమ్ అంటేనే అమ్మగారు అని అర్థమట. దాని మీద మళ్లీ గారు ఎందుకని మేమూ ఆలోచించలేదు, ఆవిడా అడగలేదు.) ముందు ఏడాది వసంతంలో, వాళ్ల కొత్త సంవత్సరం పండగ అయిన కొన్నాళ్లకే, ఆవిడ భర్త పోయారు. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందని బేస్‌మెంటు అద్దెకిచ్చారు. నిశ్శబ్దం పోగొట్టే విషయంలో చిచ్చుబుడ్డి ఆవిడకి ఏ లోటూ రానివ్వలేదు. ఆఫీసు నుంచి నేను వచ్చేసరికి ఇద్దరూ పై వంటింట్లో టీ తాగుతూ ఉండేవాళ్లు, పంచదార బిళ్ల పళ్ల మధ్య పెట్టుకుని.

పండగల గురించి మాకు ఆవిడే చెప్పారు. వాళ్ల దేశంలో పండగలు మూడు రకాలట. చంద్రుడు తెచ్చేవి, సూర్యుడు తెచ్చేవి, సర్కారు తెచ్చేవి. రంజాను, ఈద్, ముహర్రం చంద్రుడివి. ఏటేటా కాస్త ముందుకి జరుగుతూ ఉంటాయి. ఏడాదిలో అన్నిటికన్నా పొడుగు రాత్రికి పుచ్చకాయ కోసుకుని చుట్టాలందరూ మేలుకుని ఉండడం, వసంతంలో కొత్త సంవత్సరం, ఇవి సూర్యుడివి, కదలవు. సర్కారు పండగలకి బడిపిల్లల్ని ఎండలో నిలబెట్టి జెండాలు ఊపిస్తారు. 'ఊపితే ఏమిస్తరు ఆంటీ?' అని చిచ్చుబుడ్డి ఆరా తీసింది. ఒక బిస్కెట్టు, ఒక్కోసారి అదీ లేదు అన్నారావిడ. మా ఆగస్టు పదిహేనుకి రెండు చాక్లెట్లు ఇచ్చేవాళ్లని చిచ్చుబుడ్డి చాలా గర్వంగా చెప్పింది. ముహర్రం మాట వచ్చినప్పుడు మాత్రం చిచ్చుబుడ్డి ఖానుమ్‌గారిని నిజంగానే ఆశ్చర్యపరిచింది. వాళ్ల ఊళ్లో దాన్ని పీర్ల పండగ అంటారనీ, వాళ్ల తాత మొక్కుకుని పీరు ఎత్తుకునేవాడనీ, గుండం చుట్టూ తిరుగుతూ హిందువులూ ముస్లిములూ కలిసే ఆడతారనీ చెబితే, ఆవిడ టీ కప్పు కింద పెట్టి దాని ముఖం కేసి చాలాసేపు చూశారు. ఆ రోజు నుంచీ, ఈ పిల్లలకి అన్నీ తెలుసు అనే నమ్మకం ఆవిడకి కుదిరిపోయింది. ఆ నమ్మకాన్ని నేను పక్కనుండి పెంచి పోషించాను.

ఖానుమ్‌గారు ఎప్పుడూ నలుపే వేసుకునేవారు. నల్ల బ్లౌజు, నల్ల స్కర్టు, చలికి నల్ల స్వెటరు. వాళ్ల పద్ధతి ప్రకారం, ఇంట్లో మనిషి పోయాక కట్టిన నలుపుని తమంతట తాము తియ్యకూడదు. కొన్నాళ్లయ్యాక ఇంటి పెద్దవాళ్లు ఎవరైనా రంగుబట్టలు పట్టుకొచ్చి, ఇక చాలు, ఇవి వేసుకో అని చెప్పి నలుపు విప్పించాలి. (మా అమ్మమ్మ పోయినప్పుడు పన్నెండో రోజు మా అమ్మకి పుట్టింటివాళ్లు చీర పెట్టారు. ఆ చీర ఎందుకు పెడతారో నాకు ఖానుమ్‌గారు చెప్పాకే అర్థమయింది.) తెలిసినవాళ్లు ఒకరిద్దరు బట్టలు తెస్తామన్నా ఆవిడ ఒప్పుకోలేదు. సొంత రక్తం అయి ఉండాలి, తనకంటే పెద్ద అయి ఉండాలి. అలాంటి మనిషి లోకంలో ఒక్కరే మిగిలారు, లాస్ ఏంజలెస్‌లో ఉండే అక్కగారు. ఆ అక్కాచెల్లెళ్లకి పదేళ్లుగా మాటల్లేవు.

కారణం ఒక ఆపిల్. పదేళ్ల కిందట కొత్త సంవత్సరానికి ఖానుమ్‌గారూ భర్తా ఆ అక్కగారింటికి వెళ్లారు. పండగ బల్ల అందంగా సర్ది ఉంది. సంవత్సరం మారే ఘడియ ఇంకా రాలేదు. భర్తకి ఆకలేసింది. పండగలూ పద్ధతులూ పట్టించుకునే మనిషి కాదు, పైగా ఆపిల్ పళ్లంటే ఇష్టం. బల్ల మీది ఆపిల్ తీసి కొరికేశారు. అక్కగారు ఏదో అన్నారు. చెల్లెలు మొగుడి పక్షాన ఇంకేదో అన్నారు. అన్న మాటలేవో ఖానుమ్‌గారికి గుర్తులేవు, కోపం మాత్రం ఉండిపోయింది. ఆయన పోయినప్పుడు కూడా అక్కగారు రాలేదు. ఫోనూ చెయ్యలేదు. ఇది చెబుతూ ఖానుమ్‌గారు ఏడవలేదు. ఆపిల్ పుల్లగా ఉందని ఆయన తర్వాత కారులో చెప్పారని మాత్రం అన్నారు.

మార్చి మొదట్లో ఆ అక్కగారే ఫోన్ చేశారు. మాట్లాడింది రెండు ముక్కలు. 'వస్తున్నాను. బల్ల పెట్టు.' మొదటి ఏడాది దుఃఖం ఉన్న ఇంట్లో మామూలుగా ఆ బల్ల పెట్టరట. పెద్దావిడ పెట్టమంది కాబట్టి పెట్టాలి. ఆ రోజునుంచీ ఖానుమ్‌గారు మనిషి మారిపోయారు. ఒక పళ్లెంలో గోధుమలు నానబోసి, తడిగుడ్డ కప్పి, మొలకలొచ్చాక కిటికీలో పెట్టి రోజూ నీళ్లు చిలకరించారు. పండగనాటికి అవి జానెడెత్తు పచ్చగా, దట్టంగా లేచాయి. నడుముకి ఎర్ర రిబ్బను కట్టారు. (పెళ్లిళ్లలో పాలికల్లో నవధాన్యాలు మొలకెత్తించేది ఇలాగే అని నేను వివరించాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు.) పండగ ముందు వచ్చే మంగళవారం సాయంత్రం మంట మీద నుంచి దూకాలంటే, డ్రైవ్‌వేలో అల్యూమినియం ట్రేలో నాలుగు పుల్లలు వెలిగించి మా ఇద్దరి చేతా దూకించారు. తను దూకలేదు. నలుపులో ఉన్నవాళ్లు దూకకూడదట.

ఇక బల్ల సంగతి. దాని మీద ఏడు వస్తువులు ఉండాలి. గోధుమ మొలకలు, వెల్లుల్లి, ఆపిల్, వెనిగరు, సుమాక్ అనే ఎర్రటి పుల్లపొడి, ఎండిన రేగుపండులా ఉండే ఒక పండు, గోధుమ మొలకల రసం కాచి చేసిన హల్వా. ఒక్కోదానికీ ఒక్కో అర్థం ఉందని ఖానుమ్‌గారు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పారు: ఇది ఆరోగ్యం, ఇది ఓర్పు, ఇది అందం, ఇది మళ్లీ పుట్టడం. ఒక్క విషయం చెప్పలేదు. ఆ ఏడింటినీ బల్ల మీద విడివిడిగా, చూడడానికి పెడతారని. అది కూడా చెప్పాలా అనుకుని ఉంటారు. బతుకులో మంచీ చెడూ అన్నిటికీ ఒక్కో రుచి పెట్టి, అన్నీ ఒక గిన్నెలో కలిపి, కొత్త సంవత్సరం రోజున నాలిక మీద వేసుకునే జాతి ఒకటి తన బేస్‌మెంటులో అద్దెకుందని ఆవిడకి తెలియదు.

ఆ శుక్రవారం ఆవిడ మధ్యాహ్నమే, మా ఊరి పక్కనే ఉన్న డల్లెస్ ఎయిర్‌పోర్టుకి వెళ్లారు. సంవత్సరం మారే ఘడియ సాయంత్రం ఆరూ నలభై అయిదుకి. తిరిగొచ్చాక తీరిగ్గా బల్ల సర్దుకోవచ్చనుకున్నారు. మూడున్నరకి ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేశారు. అక్కగారి విమానం ఆలస్యం. గొంతులో కంగారు. మీరిద్దరూ బల్ల సిద్ధం చేసి ఉంచండి జానమ్, సామానంతా వంటింట్లో ఉంది, ఏడూ ఉండాలి, ఒక్కటి కూడా మరవద్దు, మా అక్క ముందు అదే చూస్తుంది అన్నారు. (జానమ్ అంటే నా ప్రాణమా అని.) మాకు వదిలెయ్యండి అన్నాను నేను.

వంటింట్లో సామాను చూడగానే నాకు ఒళ్లు పులకరించింది. తీపికి హల్వా, పులుపుకి వెనిగరు, వగరుకి ఆ ఎండుపండు (కొరికి చూశాను, గొంతు పట్టేసేంత వగరు), కారానికి వెల్లుల్లి, చేదుకి గోధుమ గడ్డి. ఆసియా ఖండంలో వసంతకాలపు పండగలన్నిటికీ మూలం ఒక్కటే అని నేను ఎక్కడో చదివాను. దాన్ని చిచ్చుబుడ్డికి పావుగంట సేపు వివరించాను.

'నువ్వు గింత సేపు చెప్పుడెందుకక్కా, చూస్తెనే తెలుస్తలేదా? సేమ్ టు సేమ్ మన ఉగాది పచ్చడే,' అంది అది. 'ఉప్పు ఒక్కటి మర్చిపోయింది ఆంటీ. పాపం, అక్క వస్తుందన్న టెన్షన్‌ల.'

నాకు ఒక్క అనుమానం వచ్చింది. మా ఇంట్లో పండగపూట అమ్మ ఉల్లీ వెల్లుల్లీ గడప తొక్కనివ్వదు. అదే అన్నాను. వాళ్ల దేశంల చలి ఎక్కువ గద, అందుకే వెల్లుల్లి ఏస్తరు అని చిచ్చుబుడ్డి తేల్చింది. నేను చదివిన పుస్తకాలన్నిటికంటే ఆ కారణమే నాకు గట్టిగా కనిపించింది. ఇంకొక సాక్ష్యం కూడా దొరికింది. అల్మరాలోంచి తీసి తుడిచి పెట్టిన ఏడు చిన్న కట్‌గ్లాస్ గిన్నెలు కౌంటరు మీద వరసగా ఉన్నాయి. 'చూడు, తినేతందుకు గిన్నెలు గూడ తీసి పెట్టింది,' అంది. దాంతో ఇద్దరికీ మిగిలిన కాస్త సందేహమూ తీరిపోయింది.

పని శాస్త్రోక్తంగా చేశాం. వెల్లుల్లి ఒలిచి సన్నగా తరిగాను. ఆపిల్ తురిమాం. ఎండుపండ్ల గింజలు తీసి వెనిగరులో నానబెట్టాం. హల్వా డబ్బా మొత్తం వంచాం. సుమాక్ చల్లాం. పళ్లెంలోని మొలకల్ని రిబ్బను విప్పి, కొత్తిమీర తరిగినట్టు కత్తెరతో మొదళ్ల దగ్గరికి కత్తిరించాం. ఉప్పు వేశాం. మా ఫ్రీజర్లో రేపటికని దాచుకున్న మామిడికాయ ముక్కలు ఉంటే, పరాయివాళ్లమా ఏం అని అవీ వేశాం, బెల్లం కూడా. చిచ్చుబుడ్డి ఆవాలూ ఎండుమిర్చీ తెచ్చి పొయ్యి వెలిగించబోతే నేను గట్టిగా అడ్డుపడ్డాను. ఉగాది పచ్చడికి తాలింపు పెట్టరు. పద్ధతి పద్ధతే. (ఆ సాయంత్రం నేను తీసుకున్న సరైన నిర్ణయం అదొక్కటే.) ఏడింటితో పాటు బల్ల మీదికని ఆవిడ ఉంచిన రంగులేసిన కోడిగుడ్లు చూసి, ఇవి కూడా ఇందులోకేనా అని చిచ్చుబుడ్డి అడిగింది. ఛ, అవి అలంకారానికి అన్నాను. గాజుబుడ్డిలో ఎర్రచేప ఉంది. దాని గురించి ఇద్దరం మాట్లాడుకోలేదు.

బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, అద్దం, కొవ్వొత్తులు, గుడ్లు, చేపబుడ్డి చుట్టూ సర్ది, నట్టనడుమ పెద్ద గిన్నెలో పచ్చడి పెట్టాం. దాని చుట్టూ ఏడు గిన్నెలు, ఏడు చెంచాలు. రంగు కొంచెం మట్టిరంగులోకి తిరిగింది కానీ, కొవ్వొత్తుల వెలుగులో పరవాలేదనిపించింది. పనిలోపనిగా స్నానాలు చేసి పట్టు చుడీదార్లు వేసుకుని నిలబడ్డాం.

ఆరుంబావుకి కారు వచ్చింది. ముందు అక్కగారు లోపలికొచ్చారు. పొడుగాటి మనిషి, జుట్టంతా తెలుపు, పొడుగు కోటు, చంకలో రంగుకాగితం చుట్టిన పొట్లం. కోటు విప్పకుండానే తిన్నగా బల్ల దగ్గరికి నడిచారు. వెనకాలే సూట్‌కేసు లాక్కుంటూ ఖానుమ్‌గారు. బల్ల చూసి ఆవిడ సూట్‌కేసు పిడి వదిలేశారు. అది నెమ్మదిగా వెనక్కి దొర్లి తలుపుకి కొట్టుకుంది. అక్కగారు గిన్నెకేసి చూశారు. కిటికీలో ఉన్న పళ్లెం కేసి చూశారు. అందులో కోత కోసిన చేలో మోళ్లలా మొదళ్లూ, పక్కన ఎర్ర రిబ్బనూ ఉన్నాయి. మెచ్చుకుంటారని అప్పటిదాకా ఎదురుచూస్తున్న నేను, ఖానుమ్‌గారి ముఖం చూశాక ఒక అడుగు వెనక్కి వేశాను. ఏం చేశామో తెలియలేదు. చేశామని మాత్రం తెలిసింది. పదేళ్ల తర్వాత వచ్చిన మనిషి, చంకలో ఆ పొట్లంతో, ఇంకా కోటు కూడా విప్పలేదు.

ఖానుమ్‌గారు మాకు అర్థం కావాలనే ఏమో, తమ భాషలో కాకుండా ఇంగ్లీషులోనే చెప్పారు. 'ఇది ఈ అమ్మాయిల ఊరి పద్ధతి. రేపు వాళ్లకీ కొత్త సంవత్సరమే. ఈసారి వాళ్ల పద్ధతిలో చెయ్యమని నేనే చెప్పాను.'

ఆవిడ అబద్ధం చెప్పగా నేను వినడం అదే మొదలు. అక్కగారు నమ్మారో లేదో తెలియదు. మా వైపు తిరిగి ఇందులో ఏముంది అని అడిగారు. ఏం జరుగుతోందో ఇంకా తెలియని చిచ్చుబుడ్డి ఒక్కొక్కటే ఉత్సాహంగా చెప్పుకుంటూ పోయింది. మొలకల దగ్గరికి వచ్చేసరికి అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకేసారి కళ్లు మూసుకున్నారు. ఆ క్షణంలో ఇద్దరూ ఎంత ఒకేలా ఉన్నారో!

'తర్వాత ఏం చేస్తారు?' అన్నారు అక్కగారు.

'తినుడే ఆంటీ,' అంది చిచ్చుబుడ్డి, ఇంగ్లీషులో మొదలుపెట్టి తెలుగులో పూర్తిచేసి. తర్వాత సర్దుకుని, ముందు ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లకి పెడతామని, అదీ పరగడుపునే అని చెప్పింది.

అక్కగారు తలపంకించారు. విమానంలో తాను ఏమీ తినలేదన్నారు. అప్పుడు కోటు విప్పారు.

అందరం బల్ల చుట్టూ కూర్చున్నాం. ఖానుమ్‌గారి ఫోన్లో వాళ్ల దేశపు చానెల్ పెట్టారు. ఎవరో ప్రార్థన చదివారు, ఏదో గడియారం టిక్కుటిక్కుమంది, ఫిరంగి పేలినట్టు ఒక చప్పుడు వచ్చింది, సన్నాయిలాంటి వాయిద్యం మోగింది. సంవత్సరం మారింది. అక్కాచెల్లెళ్లు ఒకరినొకరు చూసుకున్నారు కానీ లేవలేదు. అక్కగారు చిన్న గిన్నె ముందుకి జరిపారు. నేను రెండు చెంచాలు వడ్డించాను, కంగారులో మూడోది కూడా వేశాను. ఆవిడ ఒక చెంచా నోట్లో పెట్టుకున్నారు.

ఆ ముఖం నేను వర్ణించను. పచ్చి వెల్లుల్లి, వెనిగరు, మామిడికాయ, హల్వా, గడ్డి కలిపి ఎవరైనా తిని చూసుకోవచ్చు. ఆవిడ నమిలారు. చాలాసేపు నమిలారు, ఎందుకంటే గడ్డి అంత తొందరగా నలగదు. మింగారు. నాప్‌కిన్‌తో పెదాలు అద్దుకున్నారు. చెల్లెలి వైపు తిరిగి తమ భాషలో, గొంతు పెంచకుండా, నాలుగు మాటలన్నారు.

ఖానుమ్‌గారు నవ్వడం మొదలుపెట్టారు. మేం ఆ ఇంట్లో దిగిన ఏడెనిమిది నెలల్లో ఆవిడ చిరునవ్వే చూశాం. ఇప్పుడు కుర్చీ చెయ్యి పట్టుకుని, కళ్లు తుడుచుకుని, మళ్లీ గిన్నె చూసి మళ్లీ నవ్వారు. అక్కగారు కాసేపు ఆపుకుని ఆవిడా మొదలుపెట్టారు. ఏమన్నారని మేం బతిమాలితే ఖానుమ్‌గారు ఆయాసపడుతూ చెప్పారు.

'మీ ఆయన ఒక్క ఆపిల్ తిన్నందుకు నీతో పదేళ్లు మాట్లాడలేదు. వీళ్లు బల్లంతా తినేశారు. వీళ్లతో ఎన్నేళ్లు మానెయ్యాలో లెక్క చెప్పు అంటోంది.'

తర్వాత పెద్దావిడ పొట్లం విప్పారు. లేత పిస్తా రంగు సిల్కు బ్లౌజు. చెల్లెలి ఒళ్లో పెట్టి ఒకే మాట అన్నారు. దాన్ని మాకెవరూ అనువాదం చెయ్యలేదు, అక్కర్లేకపోయింది. ఖానుమ్‌గారు పైకి వెళ్లారు. చాలాసేపు రాలేదు. ఆ లోపల పెద్దావిడ మా ఇద్దరికీ చెరో గిన్నె నిండా పచ్చడి వడ్డించి, తినేదాకా ఎదురుగా కూర్చున్నారు. (ఇది శిక్షో మర్యాదో ఇప్పటికీ చెప్పలేను.) ఖానుమ్‌గారు మెట్లు దిగి వచ్చేసరికి మా కళ్లలో నీళ్లున్నాయి. ఆవిడ అది తన పిస్తా రంగు చూసి అనుకున్నారు. కొంత అదీ ఉంది, చాలామటుకు వెల్లుల్లి.

ఒక చిక్కు మిగిలిపోయింది. పండగైన పదమూడో రోజున ఇంట్లో ఎవరూ ఉండకూడదు, ఆరుబయటికి వెళ్లి ఆ మొలకల్ని పారే నీళ్లలో వదిలెయ్యాలి. ఇంటి పీడంతా వాటితో కొట్టుకుపోతుందట. మొలకలు మా కడుపుల్లో ఉన్నాయి. అక్కాచెల్లెళ్లు ఆలోచించి, అయితే వీళ్లనే ఏట్లో వదలాలి అని తీర్మానించారు. పదమూడో రోజున మమ్మల్ని కారులో కబ్ రన్ వాగు దగ్గరికి తీసుకెళ్లి, చెప్పులు విప్పించి నీళ్లలో నిలబెట్టారు. ఏప్రిల్ మొదటి వారం, నీళ్లు మంచులా ఉన్నాయి. పిస్తా బ్లౌజులో ఖానుమ్‌గారు గట్టు మీద దుప్పటి పరిచి టీ పోస్తున్నారు. పెద్దావిడ నిలబడి చూస్తూ, ఇంకొంచెం లోతుకి అన్నారు. 'అక్కా, ఈమె నిజంగనే మనల్ని తోసేటట్టుందే,' అని చిచ్చుబుడ్డి నా చెయ్యి పట్టుకుంది. జాగింగ్‌కి వచ్చిన ఒకాయన ఆగి, అంతా బాగానే ఉందా అని అడిగాడు. మతపరమైన వ్యవహారం అని పెద్దావిడ గంభీరంగా జవాబిచ్చారు.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఉన్న మూడేళ్లూ బల్ల సరిగ్గానే పెట్టాం. నేను విడివిడిగా, ఒక్కోటీ ఒక్కో గిన్నెలో, చేతులు వెనక్కి కట్టుకుని మరీ సర్దాను. పక్కన ఎనిమిదో గిన్నె ఒకటి ఉండేది. అందులో మా పచ్చడి, వేపపువ్వు దొరికితే వేపపువ్వుతో, లేకపోతే మెంతులతో, అందరి కోసం ఒక వెల్లుల్లి రెబ్బ దంచి వేసి. పెద్దావిడ ఏటా లాస్ ఏంజలెస్ నుంచి వచ్చి ముందు అదే తినేవారు. వచ్చిన అతిథులు ఇదేమిటని అడిగితే, చాలా పాత ఆచారం అని చెప్పేవారు.

చిచ్చుబుడ్డి ఉద్యోగం వచ్చి బెంటన్‌విల్ వెళ్లిపోయింది. నేను పెళ్లయ్యాక నేపర్‌విల్ వచ్చాను. ఇక్కడ కూడా ఉగాది పచ్చడిలో ఆ ఒక్క రెబ్బ వేస్తూనే ఉన్నాను. మా అత్తగారు మొదటిసారి నోట్లో పెట్టుకుని, మీ పుట్టింటి పద్ధతా అమ్మా అని అడిగారు. అవునన్నాను. మా అమ్మాయి, 'అమ్మా, మన పచ్చడి గార్లిక్ బ్రెడ్ లాగా స్మెల్ వస్తుంది' అంటుంది. ఏటా ఆ గిన్నె ఫోటో తీసి ఖానుమ్‌గారికి పంపితే, గడ్డి ఎక్కడ అని ఆవిడ దగ్గర్నుంచి జవాబు వచ్చేది.

ఖానుమ్‌గారు కిందటి శరదృతువులో పోయారు. చిచ్చుబుడ్డి ఫోన్ చేసి చెప్పింది. అది అంత తక్కువ మాట్లాడగా నేను వినడం అదే మొదలు. పెద్దావిడ ఇప్పుడు ప్రయాణాలు చెయ్యడం లేదు. షాంటిలీలో ఆ ఇల్లు అమ్మేశారు. నాకు ఆవిడ చుట్టం కాదు కాబట్టి మా పద్ధతి ప్రకారం మైల లేదు, పండగ మానెయ్యనక్కర్లేదు. నలుపు కట్టలేదు కాబట్టి విప్పించడానికి ఎవరూ రానక్కర్లేదు. అప్పుడప్పుడు వంటింట్లో పని చేసుకుంటూ, పట్టు చుడీదారు వేసుకుని, మట్టిరంగు గిన్నె పక్కన మెచ్చుకోలు కోసం నిలబడ్డ ఆ ఇరవై అయిదేళ్ల పిల్లని తలుచుకుంటాను. దానికి ఎంత తెలుసనుకుందో. కాస్త నవ్వొస్తుంది. ఎవరైనా ఏదైనా పండగ గురించి చెబితే ఇప్పుడు నేను వింటాను, అంతే.

ఈ ఉగాదికి పచ్చడి ఆరు రుచులతోనే చేశాను. మొదటి ఏడాది కదా, వెల్లుల్లి వెయ్యలేదు.